బ్రిటన్‌లో స్వచ్ఛంద సేవకుల వీసా పొడిగింపు: నిరాకరణ, పునఃసమీక్ష

జీతం తీసుకోకుండా సేవ చేయడానికి పరాయి దేశం వెళ్లిన వ్యక్తి అక్కడ మరికొంత కాలం ఉండాలంటే ఆ దేశ ప్రభుత్వాన్ని మళ్లీ అనుమతి అడగాలి. కాదన్నప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఎన్ని రోజుల్లో వెళ్లాలి, అక్కడ ఏమని వాదించాలి అన్నవి దేశాన్నిబట్టి మారతాయి. ఈ వ్యాసం ముఖ్యంగా బ్రిటన్ పద్ధతిని వివరిస్తుంది, చివర భారతదేశం సంగతీ కొంత చెబుతుంది. ఇలాంటి నిరాకరణలపై స్వతంత్ర న్యాయాధికారి ముందు అప్పీలు చేసుకునే ఏర్పాటు బ్రిటన్‌లో నాలుగు దశాబ్దాలకు పైగా ఉండేది. 2014 చట్టం దాన్ని చాలావరకు తీసేసింది. ఇప్పుడు సేవకుడికి మిగిలింది అడ్మినిస్ట్రేటివ్ రివ్యూ. కాదన్న శాఖే తన నిర్ణయాన్ని తాను మళ్లీ చూసుకునే పద్ధతి అది. చాలామంది దీన్ని అప్పీలు అనే పిలుస్తారు, అప్పీలు అనుకునే దరఖాస్తు రాస్తారు. ఓడిపోయేవారిలో చాలామంది అక్కడే ఓడిపోతారు.

అనుమతి ఎలాంటిది

బ్రిటన్‌లో వికలాంగుల ఆశ్రమాల్లో, వృద్ధుల సంరక్షణలో, నిరాశ్రయుల వసతి గృహాల్లో విదేశీ యువతీయువకులు ఏళ్ల తరబడి పనిచేస్తూ వచ్చారు. స్కాట్లాండ్‌లో అబర్డీన్ దగ్గర 1940లో మొదలైన క్యాంప్‌హిల్ సమాజాలు ఇందుకు పేరుపొందిన ఉదాహరణ. మానసిక వైకల్యం ఉన్నవారూ వారికి తోడుగా ఉండే సేవకులూ అక్కడ ఒకే ఇంట్లో కలిసి బతుకుతారు. స్థాపకుడు కార్ల్ కోనిగ్ వియన్నా నుంచి నాజీల బారి తప్పించుకుని వచ్చిన వైద్యుడు. సంస్థ మొదలైన ఏడాదే అందులోని పురుషులను శత్రుదేశస్థులని బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధించింది. విదేశీ సేవకులతో నిలబడిన సంస్థలకూ ఇమ్మిగ్రేషన్ శాఖకూ మధ్య లావాదేవీ అంత పాతది.

2008 నవంబరు 27న పాయింట్ల వీసా విధానంలో భాగంగా టియర్ 5 అనే తాత్కాలిక పనివారి విభాగం అమల్లోకి వచ్చాక ఈ సేవకులు అందులోకి చేరారు. 2021 అక్టోబరులో ఆ మార్గానికే చారిటీ వర్కర్ అని కొత్త పేరు పెట్టారు. దీనికి ముందుగా హోం ఆఫీస్ (బ్రిటన్ హోం శాఖ) లైసెన్సు ఉన్న ఒక ధార్మిక సంస్థ స్పాన్సర్‌గా నిలబడి సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్ ఇవ్వాలి. పేరు సర్టిఫికెట్ అయినా అది కాగితం కాదు, హోం ఆఫీస్ కంప్యూటర్‌లో సంస్థ నింపే ఒక నమోదు. దానికో నంబరు ఉంటుంది. పని ఏమిటి, ఎక్కడ, ఎప్పటినుంచి ఎప్పటిదాకా అన్నవన్నీ అందులో ఉంటాయి. పని సంస్థ ధార్మిక లక్ష్యానికి నేరుగా సంబంధించినదై ఉండాలి. శాశ్వత ఉద్యోగి చేయాల్సిన కొలువులో సేవకుణ్ణి కూర్చోబెట్టకూడదు. భోజనం, వసతి, సమంజసమైన ఖర్చులు ఇవ్వవచ్చు కానీ జీతం ఇవ్వకూడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది గడువు. ఈ వీసా మీద మొత్తం 12 నెలలకు మించి ఉండనివ్వరు. కాబట్టి పొడిగింపు అనేది మొదట ఆరు నెలలకో తొమ్మిది నెలలకో వచ్చినవారికే అర్థవంతం. ఏడాది నిండినవారు ఎంత మంచి పని చేస్తున్నా, సంస్థ ఎంత బతిమాలినా నిబంధనలో చోటు లేదు. తిరిగి ఇదే వీసా మీద రావాలంటే సాధారణంగా మరో 12 నెలలు ఆగాలి. ఏడాది పాటు ఒక వైకల్యం ఉన్న మనిషికి స్నానం చేయించి, అన్నం తినిపించి, అతని మాటతీరు పట్టుబడేసరికి సేవకుడు వెళ్లిపోవాల్సి రావడం ఆ మనిషికీ నష్టమే. నిబంధన రాసినవారు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

అప్పీలు వచ్చింది, పోయింది

1960ల చివరిదాకా బ్రిటన్‌లో విదేశీయుడికి పొడిగింపు ఇవ్వకపోతే అడిగే దిక్కు లేదు. 1968లో జరిగిన ఒక కేసు దీన్ని బాగా చూపిస్తుంది. ఈస్ట్ గ్రిన్‌స్టెడ్ పట్టణం దగ్గర సెయింట్ హిల్‌లో సైంటాలజీ సంస్థ హబ్బర్డ్ కళాశాల నడిపేది. ఆ ఏడాది జులైలో ఆరోగ్య మంత్రి కెన్నెత్ రాబిన్సన్ పార్లమెంటులో, ఇకపై ఆ కళాశాలను విద్యాసంస్థగా గుర్తించబోమని, అక్కడి విదేశీ విద్యార్థులకు పొడిగింపులు ఇవ్వబోమని ప్రకటించారు. విద్యార్థులు కోర్టుకు వెళ్లారు. మా మాట ఒక్కసారి కూడా వినకుండా ఎలా కాదంటారన్నది వారి వాదన. లార్డ్ డెన్నింగ్ నేతృత్వంలోని అప్పీలు కోర్టు వారి వాదనను తోసిపుచ్చింది. ఇచ్చిన గడువు పూర్తికాకముందే అనుమతి రద్దు చేస్తే వారి మాట వినాల్సిందే, గడువు పూర్తయ్యాక మళ్లీ ఇవ్వకపోతే మాత్రం వినాల్సిన బాధ్యత లేదు అన్నది తీర్పు సారాంశం. ఇంగ్లీషు పరిపాలనా న్యాయంలో ఆ తర్వాత ఎంతో పెద్దదైన ‘న్యాయమైన ఆశ’ అనే సూత్రం మొదట పలికింది ఈ తీర్పులోనే. ఆ సూత్రం పుట్టిన కేసులోనే పొడిగింపు అడిగినవారికి అది అందలేదు.

అప్పటికే సర్ రాయ్ విల్సన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1967లో తన నివేదిక ఇచ్చింది. ఒక మనిషి బతుకును మలుపు తిప్పే నిర్ణయాన్ని ఒక శాఖ చేతిలోనే పూర్తిగా వదిలేయడం తగదని, స్వతంత్రంగా వినే వ్యవస్థ కావాలని అది సిఫారసు చేసింది. దాని ఫలితమే 1969 నాటి ఇమ్మిగ్రేషన్ అప్పీళ్ల చట్టం. 1971 ఇమ్మిగ్రేషన్ చట్టం ఆ వ్యవస్థను కొనసాగించింది. పొడిగింపు నిరాకరణకు గురైనవారు అడ్జుడికేటర్ అనే న్యాయాధికారి ముందుకు వచ్చి సాక్ష్యం చెప్పుకునేవారు. సంస్థ నిర్వాహకులు వచ్చి సేవకుడి పని గురించి చెప్పగలిగేవారు.

2014లో పార్లమెంటు చేసిన ఇమ్మిగ్రేషన్ చట్టం ఈ తలుపును దాదాపు మూసేసింది. శరణార్థి రక్షణ, మానవ హక్కులకు సంబంధించిన నిర్ణయాల మీద మాత్రమే ట్రైబ్యునల్‌కు అప్పీలు మిగిలింది. చదువు, ఉద్యోగం, స్వచ్ఛంద సేవ వీసాలన్నీ అడ్మినిస్ట్రేటివ్ రివ్యూలోకి వెళ్లాయి. 2014 అక్టోబరులో విద్యార్థులతో మొదలుపెట్టి 2015 ఏప్రిల్ నాటికి అందరికీ వర్తింపజేశారు. ప్రభుత్వం చెప్పిన కారణం వేగం, ఖర్చు తగ్గింపు. కానీ అంతకుముందు ఈ రకం అప్పీళ్లలో దాదాపు సగం గెలిచేవి. సగం నిర్ణయాలను న్యాయాధికారులు తిప్పికొడుతుంటే దిద్దుకోవాల్సింది నిర్ణయాలను. అప్పీలును తీసేయడం దానికి మందు కాదు. కొత్త పద్ధతి మొదటి ఏడాది ఎలా నడిచిందో పరిశీలించిన సరిహద్దుల, ఇమ్మిగ్రేషన్ స్వతంత్ర ప్రధాన ఇన్‌స్పెక్టర్ 2016లో ఇచ్చిన నివేదికలో సమీక్షల నాణ్యతను గట్టిగా తప్పుపట్టారు.

నిరాకరణ లేఖ

నిర్ణయం ఈ రోజుల్లో ఎక్కువగా ఈమెయిల్‌కు జోడించిన లేఖగా వస్తుంది. దాన్ని చదివే పద్ధతి ఒకటి ఉంది. మొదట తేదీ చూడాలి. తర్వాత ఏ నిబంధన కింద కాదన్నారో ఆ సంఖ్య చూడాలి. ఆ తర్వాత అధికారి ఏ వాస్తవం మీద ఆధారపడ్డారో వెతకాలి. చివర్లో, సమీక్ష కోరే హక్కు ఉందా లేదా, ఎన్ని రోజులు అన్నది ఉంటుంది. కంగారులో చాలామంది మొదటి పేరా చదివి లేఖ పక్కన పడేస్తారు. దారి చూపే మాటలు చివరి పేజీలో ఉంటాయి.

తరచుగా కనిపించే కారణాల్లో డబ్బు ఒకటి. దరఖాస్తుదారు ఖాతాలో 1,270 పౌండ్లు వరుసగా 28 రోజులు నిలిచి ఉండాలి. ఆ 28 రోజుల్లో చివరి రోజు, దరఖాస్తు చేసిన తేదీకి వెనక 31 రోజుల లోపు ఉండాలి. ఒక్క రోజు సాయంత్రం ఖాతా 1,246కి దిగి, మర్నాడు ఉదయమే మళ్లీ నిండినా లెక్క తప్పినట్టే. హోం ఆఫీస్ ఏ-రేటింగ్ ఇచ్చిన సంస్థ తన సర్టిఫికెట్‌లో పోషణ బాధ్యత మాది అని గుర్తు పెడితే ఈ స్టేట్‌మెంట్ల గొడవే ఉండదు. ఇప్పటికే ఏడాదిగా చెల్లుబాటు అనుమతితో ఉన్నవారినీ డబ్బు చూపమని అడగరు, కానీ ఈ వీసాలో ఏడాది నిండితే పొడిగింపే ఉండదు కాబట్టి ఆ మినహాయింపు సేవకులకు పెద్దగా అక్కరకు రాదు.

మిగిలిన కారణాలు: 12 నెలల పరిమితి దాటడం, సర్టిఫికెట్ ఇచ్చి మూడు నెలలు గడిచిపోవడం, పని వివరణ చూస్తే మామూలు ఉద్యోగంలా ఉండటం, అనుమతి గడువు ముగిశాక దరఖాస్తు చేయడం, సంస్థ లైసెన్సు పోవడం. వీటికి తోడు, జీతం పుచ్చుకున్నారనో అబద్ధపు పత్రాలు పెట్టారనో వచ్చే ఆరోపణలు ఉన్నాయి. ఇవి బరువైనవి. వాటిని ఖండించకుండా వదిలేస్తే తర్వాత ఏ వీసాకు వెళ్లినా అడ్డుపడతాయి.

దరఖాస్తు నిరాకరిస్తే రుసుము పోయినట్టే, ప్రభుత్వ వైద్యసేవ కోసం దాంతోపాటే కట్టే ఆరోగ్య సర్‌చార్జీ మాత్రం తిరిగి వస్తుంది. 2024 ఫిబ్రవరి నుంచి పెద్దలకు ఆ సర్‌చార్జీ ఏడాదికి 1,035 పౌండ్లు. జీతం లేని మనిషికి అది చిన్న మొత్తం కాదు.

పద్నాలుగు రోజులు

బ్రిటన్‌లో ఉన్నవారు నిర్ణయం అందిన 14 రోజుల్లోగా సమీక్ష కోరాలి. సెలవు రోజులు కూడా లెక్కలోకి వస్తాయి. నిర్బంధంలో ఉన్నవారికి 7 రోజులే. దేశం బయట నుంచి వీసా అడిగి నిరాకరణ పొందినవారికి 28 రోజులు. రుసుము 80 పౌండ్లు, గెలిస్తే తిరిగి ఇస్తారు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. దాన్ని మొదటి నిర్ణయంతో సంబంధం లేని మరో అధికారి చూస్తారు. ఆయనా హోం ఆఫీస్ ఉద్యోగే. విచారణ ఉండదు, ఎదురుగా కూర్చుని చెప్పుకునే వీలుండదు. ఫలితం రావడానికి నెలలు పట్టవచ్చు.

ఈ సమీక్షలో అడిగే ప్రశ్న ఒక్కటే: అధికారి తన ముందున్న పత్రాలను చూసి పొరపాటు చేశారా? నిబంధనను తప్పుగా అన్వయించారా, ఇచ్చిన ఆధారాన్ని చూడలేదా, శాఖ తనకు తాను రాసుకున్న మార్గదర్శకాలను పాటించలేదా? అంతవరకే. కొత్త ఆధారాలు సాధారణంగా తీసుకోరు, అబద్ధపు పత్రాల ఆరోపణ వంటి కొన్ని సందర్భాల్లో తప్ప. సేవకుడు మంచివాడా, ఆశ్రమానికి అతని అవసరం ఎంత ఉంది అన్నవి ఇక్కడ ఎవరూ అడగరు.

తేడా తెలియడానికి ఇద్దరు సేవకులను ఊహించుకుందాం. ఇద్దరి దరఖాస్తులనూ డబ్బు చూపలేదనే కారణంతోనే తిరస్కరించారు. మొదటి ఆమె సంస్థ, పోషణ బాధ్యత తనదని సర్టిఫికెట్‌లో గుర్తు పెట్టింది, అధికారి దాన్ని గమనించలేదు. సర్టిఫికెట్ నంబరు, ఆ గుర్తు ఉన్న చోటు, వర్తించే నిబంధన చెబుతూ నాలుగు వాక్యాలు రాస్తే ఆమెకు గెలిచే అవకాశం బలంగా ఉంది. రెండో అతని సంస్థ ఆ గుర్తు పెట్టడం మరచిపోయింది. సంస్థ అధ్యక్షురాలు ఇప్పుడు క్షమాపణతో ఎంత మంచి ఉత్తరం ఇచ్చినా అది కొత్త ఆధారమే. అధికారి ముందున్న పత్రాల ప్రకారం నిర్ణయం సరైనదే. అతను సమీక్ష కోరి ఎదురుచూడటం కంటే, వీలుంటే సరైన సర్టిఫికెట్‌తో మళ్లీ దరఖాస్తు చేసుకోవడం మేలు. గడువు లోపల చేసిన దరఖాస్తును తిరస్కరించాక 14 రోజుల్లో మళ్లీ చేసుకుంటే, మధ్యలో అనుమతి లేకుండా గడిచిన ఆ కొద్ది రోజులను నిర్ణీత షరతులకు లోబడి పట్టించుకోకుండా వదిలే వెసులుబాటు ఉంది. రెండూ ఒకేసారి చేయడం మాత్రం కుదరదు. కొత్త దరఖాస్తు పెడితే సమీక్షను ఉపసంహరించుకున్నట్టు లెక్కిస్తారు.

ఈ కాలంలో సేవకుణ్ణి కాపాడేది 1971 చట్టంలోని 3సీ సెక్షన్. పాత అనుమతి గడువు ముగిసేలోపే పొడిగింపు కోరి ఉంటే, నిర్ణయం వచ్చేదాకా, ఆ తర్వాత సమీక్ష కోరే గడువు ముగిసేదాకా, సమీక్ష పెండింగులో ఉన్నంతకాలం పాత అనుమతి పాత షరతులతోనే కొనసాగుతుంది. అంటే ఆశ్రమంలో పని చేసుకోవచ్చు. గడువు దాటాక ఒక్క రోజు ఆలస్యంగా దరఖాస్తు చేసినవారికి ఈ రక్షణ మొదలే కాదు. 3సీ మీద ఉన్నవారు దేశం దాటితే ఆ అనుమతి అక్కడితో పోతుంది. సమీక్ష కూడా ఆగిపోతుంది. ఇంట్లో పెళ్లి ఉందనో, అమ్మకు బాగాలేదనో హైదరాబాద్ విమానం ఎక్కేముందు తెలుసుకుని తీరాల్సిన విషయం ఇది.

సమీక్షలో ఓడితే 3సీ రక్షణ ముగుస్తుంది. అప్పటినుంచి దేశంలో ఉండిపోవడం నేరం. 30 రోజులకు మించి అలా ఉండి సొంత ఖర్చుతో వెళ్లిపోయినా మళ్లీ రావడానికి ఏడాది నిషేధం పడుతుంది. అధికారి పాత కారణాలు వదిలి కొత్త కారణాలతో నిరాకరణను నిలబెడితే మాత్రం ఆ కొత్త కారణాల మీద మరోసారి సమీక్ష కోరవచ్చు.

సలహా ఎవరిని అడుగుతున్నామన్నది కూడా ముఖ్యమే. బ్రిటన్‌లో డబ్బు తీసుకున్నా తీసుకోకపోయినా, అర్హత లేకుండా ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వడం 1999 చట్టం ప్రకారం నేరం. సలహాదారులను నమోదు చేసే సంస్థకు 2025 జనవరి నుంచి ఇమ్మిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ అని పేరు. తెలుగువారి వాట్సాప్ గ్రూపుల్లో అన్నయ్యలు చెప్పే అనుభవాలు ధైర్యానికి పనికొస్తాయి. కానీ వారిలో చాలామంది విద్యార్థి వీసా మీదో ఉద్యోగ వీసా మీదో వెళ్లినవారు, సేవకుడి నిబంధనలు వేరు. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఈ రకం దరఖాస్తులకు 2013 ఏప్రిల్ నుంచి ప్రభుత్వ న్యాయసహాయం లేదు.

కోర్టు గడప

సమీక్ష కూడా పోయాక మిగిలేది జ్యుడీషియల్ రివ్యూ. 2013 నవంబరు నుంచి ఇమ్మిగ్రేషన్ కేసుల్లో ఎక్కువ భాగాన్ని అప్పర్ ట్రైబ్యునల్ వింటోంది. వీలైనంత త్వరగా, ఎలా చూసినా మూడు నెలల్లోపు వెళ్లాలి. దానికి ముందు హోం ఆఫీస్‌కు నోటీసు ఉత్తరం రాసి, జవాబుకు సాధారణంగా 14 రోజులు గడువివ్వాలి. ఆ ఉత్తరానికే శాఖ దిగివచ్చి మళ్లీ పరిశీలిస్తామనే సందర్భాలు ఉన్నాయి. న్యాయమూర్తి ఇక్కడ వీసా ఇవ్వరు. నిర్ణయం చట్టబద్ధంగా జరిగిందా అని మాత్రం చూస్తారు. ఓడితే అవతలివారి ఖర్చులు మోయాల్సి రావచ్చు. స్వచ్ఛంద సేవకులు ఇంతదూరం రావడం అరుదు. అందుకే వారికి పనికొచ్చే సూత్రాలన్నీ విద్యార్థులూ ఉద్యోగులూ పోరాడి తెచ్చినవే.

2015 అక్టోబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు ఒక భారతీయ విద్యార్థి కేసును తేల్చింది. పొడిగింపు కోసం అతను 28 రోజుల పాటు 5,400 పౌండ్లు ఉన్నట్టు చూపాలి. పంపిన స్టేట్‌మెంటులో 22 రోజులే ఉన్నాయి. డబ్బు మాత్రం ఆ రోజులన్నిటా సరిపోయినంత ఉంది. మిగతా ఆరు రోజుల కాగితం పంపమని ఒక్క మాట అడగకుండా దరఖాస్తును తిరస్కరించారు. అలాంటి సందర్భంలో అడగాలని శాఖ సొంత మార్గదర్శకాలే చెబుతున్నాయి. తన విధానాన్ని తానే పాటించకపోవడం చట్టవిరుద్ధమని లార్డ్ విల్సన్ రాసిన తీర్పు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. ఆరు రోజుల స్టేట్‌మెంటు కోసం ఒక మనిషి సుప్రీంకోర్టు దాకా మూడున్నరేళ్లు తిరగాల్సి వచ్చింది.

2020 అక్టోబరు నాటి తీర్పు సేవకులకు ఇంకా దగ్గరిది. పొడిగింపు దరఖాస్తు పెండింగులో ఉండగా ఒక భారతీయ ఉద్యోగి యజమాని లైసెన్సును హోం ఆఫీస్ రద్దు చేసింది. ఆ సంగతి అతనికి మూడు నెలలు చెప్పలేదు, ఆ తర్వాత స్పాన్సర్ లేడంటూ దరఖాస్తును తిరస్కరించింది. వెంటనే చెప్పి ఉంటే అతను మరో దారి చూసుకునేవాడు. అలా చెప్పకపోవడం అన్యాయమని సుప్రీంకోర్టు అంది. మరో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి అదనపు గడువు ఇచ్చి తీరాలని మాత్రం మెజారిటీ న్యాయమూర్తులు ఒప్పుకోలేదు. ధార్మిక సంస్థ నిర్లక్ష్యంతో లైసెన్సు పోతే ఏ తప్పూ చేయని సేవకుడు బలి కాకుండా ఉండటానికి ఈ తీర్పు కొంత ఆసరా.

మానవ హక్కుల వాదన కొందరికి ఆకర్షణగా కనిపిస్తుంది, ఎందుకంటే దానితో అప్పీలు హక్కు తిరిగి వస్తుంది. బ్రిటన్‌లో భార్యో భర్తో పిల్లలో ఉన్నవారికి అది నిజమైన దారి కావచ్చు. తొమ్మిది నెలల కింద వచ్చిన ఒంటరి సేవకుడికి చాలా కష్టం. నిబంధనకు కొద్దిలో తప్పాం కాబట్టి కనికరించండి అనే వాదనను 2013లో లార్డ్ కార్న్‌వాత్ తీర్పు తోసిపుచ్చింది. చదువు పూర్తిచేసుకునే అవకాశం దానికదే వ్యక్తిగత జీవన హక్కు కాదని కూడా అదే తీర్పు చెప్పింది. సేవ చేసే అవకాశానికి అంతకంటే ఎక్కువ రక్షణ దొరుకుతుందని అనుకోలేం.

భారతదేశంలో

మన దగ్గర సేవకు వచ్చే విదేశీయులకు ఈ పాటి సమీక్ష హక్కు కూడా చట్టంలో రాసిలేదు. పొడిగింపు దరఖాస్తులను విదేశీయుల నమోదు చూసే ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ కార్యాలయాలు చూస్తాయి. హైదరాబాద్‌లోనూ ఒకటుంది. కాదంటే మిగిలేది రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ పిటిషన్. అక్కడా ఆశ తక్కువే. 1937లో భారతదేశం వచ్చి దశాబ్దాలపాటు పొడిగింపులతో ఇక్కడే గడిపిన ఒక విదేశీ మిషనరీ, మరో ఇద్దరు, 1980లలో తమ పొడిగింపు నిరాకరించి వెళ్లిపొమ్మన్నప్పుడు సుప్రీంకోర్టుకు వెళ్లారు. విదేశీయుడికి ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకూ రక్షణ ఉంటుందే తప్ప ఈ దేశంలో నివసించే హక్కు ఉండదని, అది పౌరులకే చెందుతుందని 1991లో కోర్టు తీర్పు చెప్పింది. సుప్రీంకోర్టు 1955లో ఇచ్చిన తీర్పు నుంచీ విదేశీయులను పంపించే విషయంలో ప్రభుత్వానికి సంపూర్ణ అధికారం ఉందన్న వైఖరే కొనసాగుతోంది. 1946 నాటి విదేశీయుల చట్టం స్థానంలో 2025 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం కూడా నియంత్రణనే పట్టుకుంది.

తెలుగు నేలకు బాగా తెలిసిన ఉదాహరణ కోర్టు బయట తేలింది. స్పెయిన్ నుంచి జెస్యూట్‌గా వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ మహారాష్ట్రలోని మన్మాడ్ ప్రాంతంలో రైతులతో బావులు తవ్విస్తూ పనిచేశారు. ఆయన్ను దేశం విడిచి వెళ్లమని 1960ల చివర్లో ఉత్తర్వు వచ్చింది. వేలాది రైతులు ముంబై దారి పట్టి ఊరేగింపుగా కదిలారు. విషయం ఇందిరాగాంధీ దాకా వెళ్లింది. ఆయన కొన్నాళ్లు విదేశానికి వెళ్లి తిరిగి రావచ్చని ప్రధాని హామీ ఇచ్చారు. 1969లో తిరిగి వచ్చిన ఫెర్రర్, మహారాష్ట్రలో మళ్లీ పనిచేయడం కుదరక, అనంతపురం చేరుకున్నారు. అక్కడ ఆయన, తర్వాత భార్య అయిన ఆన్ ఫెర్రర్ నిలబెట్టిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు కరువు జిల్లాలో పాఠశాలలు, ఆసుపత్రులు, ఇళ్లు కట్టింది. ఆయన 2009 జూన్‌లో అనంతపురంలోనే కన్నుమూశారు. ఆ ఉత్తర్వును మార్చింది ఏ నిబంధనా కాదు, వేలమంది రైతులు రోడ్డెక్కడం. అంత జనబలం లేని మామూలు సేవకుడికి కావాల్సింది తన మాట వినే ఒక స్వతంత్ర న్యాయాధికారి. బ్రిటన్‌లో అలాంటి అధికారి ఒకప్పుడు ఉండేవాడు, ఇక్కడ ఇప్పటికీ లేడు.